నెల్లూరు కుక్కతో మంచు కొండ ఎక్కాలంటే

మా వైపు మంచు అంటే ధనుర్మాసంలో తెల్లారేసరికి గడ్డి మీద తడి, ముగ్గేసేటప్పుడు అమ్మ తలకి చుట్టుకున్న తువ్వాలు, హైవే మీద మసగ్గా వచ్చే లారీ లైట్లు, అంతే. జనవరిలో ఎంత చలి అనుకున్నా తెల్లవారుజామున ఇరవై డిగ్రీలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, దానికే బీరువాలోంచి మంకీ క్యాపులు బయటికొస్తాయి. ఇలాంటి ఊళ్లో పుట్టి పెరిగిన కుక్కల్ని తీసుకెళ్లి మోకాలి లోతు మంచులో నడిపిద్దామని నేను బయల్దేరితే మా పెద్దమ్మ ఒకటే మాట అనింది. "ధర్మరాజు తర్వాత కుక్కని ఎంటబెట్టుకోని హిమాలయాలకి పోతా ఉండింది నువ్వేరా. ఆయన తిరిగి రాలా, నువ్వు మాత్రం తిరిగిరా."

ఆ తిరిగి రావడం గురించే ఇదంతా. నాలుగు రోజులు ఖాళీ, ఒక కారు ఉంటే పోవడానికి ఎవరైనా పోవచ్చు.

మాకు రెండు కుక్కలు. కాటుక నాటుకుక్క, నల్లది, 16 కిలోలు, ఒంటి మీద వెంట్రుకలు వేలితో పట్టుకుందామన్నా దొరకవు. బుజ్జిగాడు లాబ్రడార్, 31 కిలోలు, అన్నం గిన్నె కనబడితే ప్రాణం ఇచ్చేస్తాడు. మేం వెళ్లింది హిమాచల్‌లోని నార్కండా, సిమ్లా దాటాక అరవై కిలోమీటర్ల పైచిలుకు, ఎత్తు సుమారు 2,700 మీటర్లు. అక్కడినుంచి హాటూ శిఖరానికి ఏడెనిమిది కిలోమీటర్ల రోడ్డు ఉంది, శిఖరం ఎత్తు 3,400 మీటర్ల దాకా ఉంటుంది. ఎండాకాలం కార్లు పైదాకా వెళ్తాయి, గట్టిగా మంచు పడ్డాక రోడ్డు మూసుకుపోయి నడిచేవాళ్లకే మిగులుతుంది. కుక్కతో మొదటిసారి వెళ్లేవాళ్లు ఇలాంటి రోడ్డే చూసుకోండి. వెడల్పుగా ఉంటుంది, దారి తప్పే భయం తక్కువ, రెండు పక్కలా చెట్లు గాలిని కాస్త ఆపుతాయి, ఎక్కడ కావాలంటే అక్కడ వెనక్కి తిరగొచ్చు. ఫొటోలు చూసి ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరం అనకండి, అది నేషనల్ పార్కు ప్రాంతం, పార్కుల్లోకి అభయారణ్యాల్లోకి పెంపుడు కుక్కని తీసుకెళ్లే ఆలోచనే వద్దు. హాటూ పైన ఉన్న గుడి మండోదరిదని అక్కడి వాళ్లు చెప్తారు, ఆ మాట విన్నప్పటినుంచి మా ఆవిడ అక్కడికే పోవాలని పట్టుబట్టింది.

ముందు అసలు మీ కుక్క పనికొస్తుందా లేదా చూసుకోండి. ఏడాది నిండని పిల్లలు, ముసలివి, గుండె జబ్బున్నవి, కీళ్ల నొప్పులున్నవి ఇంట్లోనే ఉండాలి. పగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు జాతులు మన ఊళ్లో మేడ మెట్లెక్కడానికే గురగురమంటాయి, అంత ఎత్తులో వాటికి ఊపిరి చాలదు. మన నాటుకుక్కలు నడకలో దేనికీ తీసిపోవు, కాకపోతే చలి ఆపే లోపలి బొచ్చు పొర వాటికి పెద్దగా ఉండదు. లాబ్రడార్‌కి ఉంటుంది గానీ మన ఎండలకి అదీ పల్చబడిపోయి ఉంటుంది. జడలు కట్టిందనో బొచ్చు రాలుతోందనో ప్రయాణానికి ముందు గుండు కొట్టించకండి, ఒక్క వేళ్ల మధ్య వెంట్రుకలు మాత్రం కత్తిరించండి, ఎందుకో తర్వాత చెప్తా.

డాక్టరు దగ్గరికి నెల ముందే వెళ్లాలి. రేబిస్ టీకా, మిగతా టీకాలు సరే, అవి అందరూ చెప్పేవే. నేను గట్టిగా చెప్పేది రక్త పరీక్ష. మన వైపు కుక్కలకి పిడుదుల బెడద ఏడాది పొడుగునా ఉంటుంది, టిక్ ఫీవర్ లోలోపల ఉండి పైకి తెలియకుండా రక్తం తగ్గించేస్తుంది. ఊళ్లో ఉన్నంతకాలం కాస్త మందంగా ఉందనుకుంటాం అంతే, ఎత్తుకి పోయాక గాలి పల్చబడితే ఆ తగ్గిన రక్తమే ప్రాణం మీదికి తెస్తుంది. కాటుకకి అలాగే బయటపడింది, మందులు వాడి, మళ్లీ పరీక్ష చేయించి, అనుకున్న తేదీ నెలన్నర వెనక్కి జరిపాం.

ఇక బూట్లు. నవ్వకండి, అన్నిటికన్నా ఎక్కువ టైం పట్టేది దీనికే. కుక్కని కాగితం మీద నిలబెట్టి, రెండో ముందు కాలు కాస్త పైకెత్తి, బరువు పడిన పాదం చుట్టూ పెన్సిల్‌తో గీయండి. బరువు పడినప్పుడు పాదం విచ్చుకుంటుంది కాబట్టి పడుకున్నప్పుడు కొలిస్తే బూటు బిగుతైపోతుంది. ముందు పాదాలు వెనక వాటికన్నా కొంచెం పెద్దవి, విడిగా కొలవాలి. అడుగు మెత్తగా ఉండి పైన పట్టీతో బిగించేవి తీసుకోండి, నాలుగుకి బదులు ఆరు కొనండి, ఎక్కడో ఒకటి పోతుంది, ఖాయం. మొదటి వారం ఇంట్లోనే, రోజూ అయిదు నిమిషాలు, తొడగ్గానే తిండి పెట్టాలి. బుజ్జిగాడు సర్కస్ గుర్రంలాగా కాళ్లెత్తెత్తి వేస్తుంటే వీధిలో పిల్లలు టికెట్ లేకుండా చూశారు. రెండో వారం నుంచి మైపాడు బీచికి తీసుకెళ్లాం. పొడి ఇసక మంచులాగే కాలి కింద జారిపోతుంది, బూటు పైనుంచి లోపలికి దూరుతుంది, పట్టీ ఎంత బిగించాలో అక్కడే తెలిసిపోతుంది. ఎక్కువ బిగిస్తే రక్తం ఆడక పాదం చల్లబడిపోతుంది, చలిలో అది ఇంకా ప్రమాదం, పట్టీ కింద మీ చిటికెన వేలు దూరాలి.

ఈ బీచి తిరుగుళ్లలోనే నాకొక బ్రహ్మాండమైన ఐడియా వచ్చింది. చేపల మీద వేసే ఐసు పొడి రెండు బస్తాలు కొనుక్కొచ్చి దొడ్లో పరిచి కుక్కలకి మంచు అలవాటు చేద్దామని. పరిచాం. బుజ్జిగాడు నడవలేదు, కూర్చుని తినడం మొదలుపెట్టాడు, చేపల వాసన కదా మరి. పొట్ట పట్టుకుని రాత్రంతా బాధపడ్డాడు, మా ఆవిడ నాతో మాట్లాడలేదు. దీనివల్ల తెలిసిందేంటంటే, కుక్క మంచు కనబడితే తింటుంది, దాహమేస్తే ఇంకా తింటుంది. తిన్న మంచుని లోపల కరిగించుకోవడానికి ఒంట్లో వేడే ఖర్చవుతుంది కాబట్టి కొండ మీద దాన్ని తిననివ్వకూడదు, దాహం వేయకముందే గోరువెచ్చని నీళ్లు తాగించాలి. థర్మాస్ మనకొకటి, వాటికొకటి. ఉత్త నీళ్లు తాగకపోతే ఉప్పూ ఉల్లీ వేయని చికెన్ ఉడకబెట్టిన నీళ్లు కాస్త కలిపితే వద్దన్నా ఆగవు.

ఎక్కడం ప్రాక్టీసు ఉదయగిరిలో. నెల్లూరు నుంచి వంద కిలోమీటర్ల దాకా, కొండ ఎత్తు 3,079 అడుగులు, 1514లో కృష్ణదేవరాయలు గజపతుల దగ్గర్నుంచి తీసుకున్న దుర్గం. ముట్టడి ఏడాదిన్నర ఎందుకు పట్టిందో సగం ఎక్కేసరికి మన మోకాళ్లే చెప్తాయి. డిసెంబరులో పొద్దున్నే మొదలుపెట్టి ఎండెక్కేలోపు దిగిపోవాలి. ముందుగా అక్కడి అటవీ శాఖ వాళ్లని అడిగి, ఊళ్లో దారి తెలిసిన మనిషిని తోడు తీసుకుని, ఎక్కినంతసేపూ కుక్కని తాడు మీదే ఉంచండి. వెలుగొండల్లో ఎలుగుబంట్లు ఉన్నాయి, చిరుతలూ ఉన్నాయి. వదిలేసిన కుక్క ఎలుగును చూసి మొరిగి, అది తరిమితే నేరుగా మన కాళ్ల దగ్గరికే పరిగెత్తుకొస్తుంది, వెనకాల ఎలుగు. చలికాలం పాములుండవనుకోవడం కూడా తప్పు, ఎండకి బండల మీదికి వస్తాయి, రక్తపింజరి ఈ కాలంలో పగలు కూడా తిరుగుతుంది. ఇంటికొచ్చాక వేళ్ల సందులు, చెవులు వెతికి పల్లేరు ముళ్లు, బాణంలా మొనదేలిన గడ్డి గింజలు తీసేయండి. అట్టా వారానికొకసారి చొప్పున ఆరుసార్లు ఎక్కితే కుక్కకీ మనకీ దమ్ము తెలుస్తుంది.

ఇంకొక ప్రాక్టీసు ఎవరూ చెప్పరు. కుక్కని మోయడం. కొండ మీద కాలు బెణికితే అది నడవదు, మీరు ఎత్తుకుని దిగాలి. పాత దుప్పటి మధ్యలో పడుకోబెట్టి రెండు చివర్లు ఇద్దరు పట్టుకుని వంద అడుగులు నడిచి చూడండి. కాటుకని నేనొక్కడినే వీపుకి కట్టుకోగలిగాను, బుజ్జిగాడికి ఇద్దరం కావాల్సొచ్చింది, అందుకే మా బావమరిదిని వెంటబెట్టుకెళ్లాం, అతనికి ఈ కారణం మాత్రం చెప్పలేదు.

వెళ్లడం రైల్లోనా కార్లోనా అంటే, ఒక్క కుక్క అయితే ఫస్ట్ ఏసీ చూడండి. కూపే, అంటే ఇద్దరు పట్టే చిన్న గది, మొత్తం మన పేరు మీద ఉంటేనే కుక్కని లోపలికి రానిస్తారు, పార్సిల్ ఆఫీసులో దానికి విడిగా బుక్ చేయాలి, టీకాల కార్డు, డాక్టరిచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ చూపించాలి. చార్టు తయారయ్యే దాకా కూపే వచ్చిందో లేదో తేలదు, ఆ టెన్షన్ నావల్ల కాదు. గార్డు పెట్టె పక్కన ఉండే డాగ్ బాక్సులో వేయడం నాకసలు ఇష్టం లేదు. మేం కార్లో పోయాం, హైదరాబాద్, నాగపూర్, ఝాన్సీ, ఢిల్లీ, సిమ్లా, దాదాపు 2,400 కిలోమీటర్లు, నాలుగు రోజులు. మూడు గంటలకొకసారి దించి నడిపించాలి. చలి ప్రాంతాల్లో కార్ల రేడియేటర్లలో పోసే కూలెంటు తియ్యగా ఉంటుంది, కొంచెం నాకినా కిడ్నీలు పోతాయి, పార్కింగు దగ్గర నేల మీద రంగు నీళ్లు కనబడితే దూరంగా లాగేయండి.

నెల్లూరు సముద్ర మట్టానికి ఇరవై మీటర్ల ఎత్తు కూడా లేదు. అక్కడినుంచి వచ్చి మర్నాడే ఎక్కడానికి బయల్దేరకూడదు. నార్కండాలో రెండు రాత్రులు ఊరికే ఉన్నాం, ఊరి చుట్టూ కొంచెం తిప్పాం. అక్కడి కుక్కలు గుంపులుగా ఉంటాయి, మన కుక్కని చూసి ఊరుకోవు. గొర్రెల్ని కాసే పెద్ద కుక్కల మెడకి ఇనుప ముళ్ల పట్టీ ఉంటుంది, చిరుత ముందు మెడ పట్టుకుంటుంది కాబట్టి. ఆ పట్టీ చూసిన రోజు నుంచి చీకటి పడ్డాక మావాటిని ఉచ్చకి కూడా ఒంటరిగా వదల్లేదు. గది ముందే మాట్లాడుకోవాలి, కుక్కలు గదిలోనే పడుకుంటాయని స్పష్టంగా చెప్పి. బొగ్గుల కుంపటి పెట్టిస్తామంటే వద్దనండి, తలుపులేసుకుని పడుకుంటే దాన్నుంచి వచ్చే విషవాయువుకి మనమూ కుక్కా తెల్లారి లేవం.

నడిచే రోజు. కొత్తగా మంచు పడిన మర్నాడు వెళ్లొద్దు, ఒకటి రెండు రోజులు ఆగి, ఊళ్లో వాళ్లని అడిగి, ఆకాశం తేటగా ఉన్న పూట చూసుకోండి. రాత్రి బాగా తిండి పెట్టి, పొద్దున బయల్దేరడానికి రెండు గంటల ముందు కొద్దిగా పెట్టండి, నిండు పొట్టతో ఎక్కిస్తే పెద్ద కుక్కలకి కడుపు మెలిపడే ప్రమాదం ఉంది. దారిలో గంటకొకసారి ఉడకబెట్టిన గుడ్డు, చికెన్ ముక్క. మన జేబుల్లో ఉండే కిస్‌మిస్, చాక్లెట్ రెండూ కుక్కకి విషమే, జాలిపడి పెట్టకండి. పాదాలకి వాజిలిన్ పల్చగా రాసి బూట్లు తొడగాలి, కొబ్బరినూనె రాద్దామని మా ఆవిడ తెచ్చింది గానీ సీసాలో రాయిలా గడ్డకట్టి ఉంది. జాకెట్టు పొట్ట కిందికి కూడా రావాలి, తడిసేది పొట్టే. మెడ పట్టీకి కాకుండా ఛాతీకి వేసే హార్నెస్‌కి తాడు కట్టండి. ఎక్కేటప్పుడు తాడు నడుముకి కట్టుకోవచ్చు, హాయిగా లాగుతుంది కూడా, దిగేటప్పుడు మాత్రం చేత్తోనే పట్టుకోవాలి, లేకపోతే అది గెంతిన గెంతుకి మీరు కూర్చున్నపాటున జారుతారు. మన బూట్ల కింద కట్టుకునే ఇనుప ముళ్లు అద్దెకిస్తారు, మంచివే, కుక్క పాదం మీద కాలు పడకుండా చూసుకోండి.

మంచు మొదటిసారి చూసినప్పుడు రెండూ పిచ్చెక్కినట్టు పరిగెత్తాయి. ఆ వీడియో అందరికీ పంపాం. నిజంగా జరిగింది దాని తర్వాత.

మూడో కిలోమీటరు దగ్గర బుజ్జిగాడి ఒక బూటు ఊడి ఎక్కడో పడింది. వేళ్ల మధ్య వెంట్రుకలు సగమే కత్తిరించాను, వాటికి మంచు అంటుకుని గోలీల్లా గడ్డలు కట్టి, వాడు కుంటడం మొదలుపెట్టాడు. గట్టిగా లాగితే చర్మం ఊడొస్తుంది, అరచేతిలో పట్టుకుని కరిగించి తీయాలి, పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ కాటుక పక్కన కదలకుండా నిలబడి ఉంది. దాని సంగతి ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే అది ఏమీ అనలేదు. తర్వాత వణుకుతూ నడిచింది, ఒక కాలు ఎత్తి దించి, ఇంకో కాలు ఎత్తి దించి. చలి కదా వణుకుతుంది అనుకున్నా. అయిదో కిలోమీటరు దాటాక వణుకు ఆగిపోయింది. "చూడు, అలవాటైపోయింది" అన్నా. మా ఆవిడ చెవి పట్టుకుని చూసి, "చెవి ఐసు ముక్కలా ఉంది, పిలిస్తే ఇటు చూడట్లా, ఏంది అలవాటయ్యేది" అనింది.

ఇది బాగా గుర్తుపెట్టుకోండి. వణకడం అంటే ఒళ్లు ఇంకా వేడి కోసం కొట్లాడుతోందని. వేడి చోటికి రాకుండానే వణుకు ఆగి, మందంగా, తూలుతూ, పిలిస్తే పలక్కుండా ఉంటే అది చేతులెత్తేస్తోందని. కుక్క మామూలు వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్, 99 కిందికి దిగితే ప్రమాదం. థర్మామీటరు మలద్వారంలో పెట్టి చూడాలి, అందుకే సంచిలో ఒకటి ఉండాలి. కాటుకది 98.4. మనకైతే మామూలు, దానికి జ్వరం కన్నా భయంకరం. కుక్కలు ఇంక చాలు అనవు, మనం ముందు నడుస్తుంటే అవి వెనక వస్తూనే ఉంటాయి, కాబట్టి ఎన్ని గంటలకి వెనక్కి తిరగాలో ముందు రోజు రాత్రే తేల్చుకోవాలి. ఇప్పుడు నేను మధ్యాహ్నం పన్నెండు అని పెట్టుకుంటున్నా, ఎక్కడున్నా అక్కణ్ణుంచే వెనక్కి, గుడి కనిపిస్తున్నా సరే, జనవరిలో అక్కడ అయిదున్నరకే పొద్దు పోతుంది. ఆ టైం కాకముందే కూడా, కుక్క రెండుసార్లు పాదం ఎత్తి దించితే, వెనక్కి తిరిగి చూస్తే, ముడుచుకుని కూర్చుంటే, అదే లెక్క.

అప్పుడు చేయాల్సింది ఇది. గాలి తగలని చోటికి తెచ్చి, తడి జాకెట్టు తీసేసి, పొడి తువ్వాలుతో ఒత్తి తుడిచి, పొడి దుప్పటి చుట్టాలి. కింద కూడా ఏదో ఒకటి పరవాలి, మంచు మీద పడుకోబెట్టి పైన ఎన్ని కప్పినా దండగ. థర్మాస్‌లో నీళ్లు సీసాలో పోసి, సీసాకి బట్ట చుట్టి, ఛాతీకి, ముందు కాళ్ల సందుల్లో ఆనించండి, బట్ట లేకుండా పెడితే కాలుతుంది. మింగగలిగితే వెచ్చని నీళ్లు కొంచెం కొంచెం. చెవుల కొసలు, తోక చివర, వేళ్లు పాలిపోయి గట్టిపడి ఉంటే రుద్దొద్దు, మంట దగ్గర పెట్టొద్దు, గదికి చేరాక గోరువెచ్చని నీళ్లలో ఉంచాలి, దారిలో మళ్లీ గడ్డకట్టే అవకాశం ఉంటే అక్కడ కరిగించనే వద్దు. ఆ తర్వాత డాక్టరు. దగ్గర్లో జంతువుల డాక్టరు ఎక్కడున్నాడో ముందు రోజే కనుక్కుని నంబరు రాసిపెట్టుకోవాలి, నేను ఆ పని చేయలేదు, గదాయన పుణ్యమా అని ఒకాయన దొరికాడు.

కాటుకని నా చొక్కా లోపల వేసుకుని, పైన నా జాకెట్టు జిప్పు వేసి, మోసుకుంటూ దిగాను. నాలుగో కిలోమీటరు దగ్గర మళ్లీ వణకడం మొదలైంది. వణుకు చూసి అంత సంతోషపడతానని ఎప్పుడూ అనుకోలేదు.

దిగాక పొట్ట, చంకలు, వేళ్ల సందులు పూర్తిగా ఆరబెట్టాలి. తవ్విన మంచు కింద దాచేయకుండా కుక్క పెంటని సంచిలో వేసి కిందికి తెచ్చుకోండి, ఆ మంచే కరిగి కింద ఊళ్లకి తాగే నీళ్లవుతుంది. ఇంటికొచ్చాక వారం పాటు చెవుల కొసలు చూస్తుండాలి, చలికి దెబ్బతిన్న చర్మం నల్లబడటం కొన్ని రోజుల తర్వాతే కనబడుతుంది. కాటుకకి ఎడమ చెవి అంచున చిన్న మచ్చ మిగిలింది. మండోదరి గుడి ఇంకా చూడలేదు, మళ్లీ పోదామని మా ఆవిడ అంటోంది, ఈసారి కాటుకని మా పెద్దమ్మ దగ్గర వదిలిపెట్టి, బుజ్జిగాడి కాళ్లకి వెంట్రుకలు తనే కత్తిరిస్తానని షరతు.